సిస్టర్ చెప్తుంది

పోయిన వారం ఆశ అడిగిన ప్రశ్న దగ్గర ఆగాం. ఆ ప్రశ్న ఇంకా మందుల గదిలోనే ఉంది, జవాబు లేకుండా.

"అక్కా, నీకు ఆ పక్క చెవి వినిపించేది లేదు గదా?"

హేమావతి చేతిలోని ట్రేను బల్ల మీద పెట్టింది. ఎడమ పక్కన నిలబడి చిన్న నర్సు ఆశ ఎన్నిసార్లు పిలిచిందో ఆమెకు తెలియదు. పిల్ల చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి నిలబడితేనే మాట అందింది.

హేమావతికి తగిలిన దెబ్బ సంగతి హోసూరులోని ఆ నర్సింగ్ హోమ్‌లో అందరికీ తెలిసిందే. సూళగిరి దగ్గర లారీ కొట్టిన కుర్రవాణ్ణి పోయిన నెల అక్కడికి తెచ్చారు. బతకలేదు. ఆ మాట వరండాలో కాచుకున్న అతని అన్న కేశవులుకు చెప్పింది అందరికంటే పాత సిస్టర్ అయిన హేమావతే. చెప్పి ముగించకముందే కేశవులు చెయ్యి లేచి ఆమె ఎడమ చెంప మీద పడింది. ఆసుపత్రి నడిపే డాక్టర్ ప్రసాదు ఆమెకు సెలవిచ్చాడు, ఇంటికి పళ్లు పంపాడు, పోలీసుల దాకా పోతే ఆసుపత్రి పేరు పోతుందన్నాడు. ఆమె సరేనంది. చెంప మీద వేళ్ల గుర్తులు మానిపోయాయి. చెవి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"ఎవరన్నారు నీతో?"

"ఎవరనేది ఏంటికి? పొద్దున కిటికీ పక్క మంచం తాతకు బీపీ చూస్తా, గాలి కొట్టిందే కొట్టినావు. ఆ తాత 'అమ్మా, చెయ్యి ఊడొస్తాది, విడిచిపెట్టు' అని కేకలేస్తా ఉండె. నీకు అదీ వినపడలా."

హేమావతికి నవ్వొచ్చింది. తాతకు బీపీ లేకపోయినా తానే తెప్పించేదన్నమాట.

"నవ్వొద్దక్కా. సారుకు చెప్పల్ల."

"చెప్పొద్దు."

"ఏంటికి?"

దానికి హేమావతి దగ్గర జవాబుంది. పిల్లతో చెప్పగలిగిన జవాబు కాదు.

ఎడమ చెవిలో ఇప్పుడు ఒక హోరు మిగిలింది. మిక్సీ ఆపేశాక వంటింట్లో మిగిలే హోరులాంటిది. క్రిష్ణగిరిలో ఉన్న తల్లికి ఫోన్ చేసినప్పుడు అలవాటుగా రిసీవర్ ఆ చెవికే పెట్టుకుని, లైను తెగిందనుకుని దించేసింది. అప్పుడే మొదటిసారి భయం వేసింది. చెవిటి నర్సును ఎవరు ఉంచుకుంటారన్న భయం. ఆ భయాన్ని ఆమె ఒప్పుకోగలదు. దాని అడుగున ఇంకొకటి ఉంది. దాన్ని తడమడానికే ఆమెకు ఇష్టం లేదు. ఆ చెవులే ఆమె గర్వం.

ఆసుపత్రి పెట్టిన కొత్తలో ప్రసాదు నెల్లూరు నుంచి అప్పుడే వచ్చిన మనిషి. కత్తి పట్టుకుంటే వణకని చెయ్యి, చావు సంగతి చెప్పాల్సి వస్తే వణికేది. ఒకసారి ఒక తమిళ తల్లికి, వచ్చీరాని తమిళంలో, నేల చూస్తూ, కరెంటు బిల్లు చదివినట్టు చెప్పాడు. ఆ తల్లికి చాలాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె చూసిన చూపు హేమావతి చూసింది. మరుసటిసారి అలాంటి పని పడినప్పుడు తానే ముందుకెళ్లింది. వినేవాళ్ల మీద జాలితో వెళ్లింది, చెప్పలేక చెమట్లు కక్కే ఆ మనిషి మీద జాలితోనూ వెళ్లింది. అప్పటినుంచి అది ఆ ఆసుపత్రి ఆచారమైంది. లోపల ప్రాణం పోగానే ప్రసాదు చేతులు కడుక్కుని, "సిస్టర్ చెప్తుంది" అని, వెనక తలుపులోంచి కారు దగ్గరికి వెళ్లేవాడు. సిస్టర్ ముందు తలుపులోంచి వరండాలోకి వచ్చేది.

చెప్పడంలో ఆమెకు ఒక పద్ధతి ఉంది. మనిషి ఏ భాషలో ఏడుస్తాడో ఆ భాషలో చెప్పాలి. హోసూరులో అది తేలిక కాదు. అంగట్లో తమిళం మాట్లాడేవాడు బస్సులో కన్నడం మాట్లాడతాడు, ఇంటికెళ్లి తెలుగులో పోట్లాడతాడు. అందుకని ముందు కొంచెం దూరంగా నిలబడి వినేది. కాచుకుని కూర్చున్నవాళ్లు ఊరికే ఉండరు, తమలో తాము గొణుక్కుంటారు, దేవుణ్ణి పిలుచుకుంటారు. ఆ గొణుగుడులో భాష దొరికేది. అప్పుడు దగ్గరికి వెళ్లి కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఆ భాషలోనే మొదలుపెట్టేది. చాలామంది ఆమె భుజం మీద పడి ఏడ్చారు. పెళ్లిళ్లకు పిలిచినవాళ్లున్నారు. ఈ పని తనకు తప్ప ఇంకెవరికీ చేతకాదని ఆమె లోలోపల అనుకునేది. ఎవరూ లేనప్పుడు తీసి చూసుకునే నగలాగా ఆ అనుకోవడాన్ని దాచుకుంది.

ఇప్పుడు గొణుగుడు సగమే వినిపిస్తుంది.

"సిస్టరమ్మా!" వరండాలోంచి ఆయా వెంకటలక్ష్మమ్మ గొంతు ఏ చెవికైనా వినపడుతుంది. "రండమ్మా, కేకు కరిగి కారతా ఉండాది. నేనే నాకేస్తాను, మల్ల నన్ననొద్దు!"

ఆ రోజు నర్సుల దినం.

ప్రసాదు ప్రతి మే నెలా ఆ దినం మరవడు. అయ్యంగార్ బేకరీలో కేకు చెప్తాడు, బజారుకు తానే వెళ్లి సిస్టర్లందరికీ ఒకే రంగు చీరలు తెస్తాడు. ఆ రంగు ఏదై ఉంటుందని ముందు రోజునుంచీ ఆసుపత్రిలో పందాలు నడుస్తాయి. పోయినేడు వంకాయ రంగు. అంతకు ముందేడు బస్సు సీటు రంగు. ప్రేమగా తెచ్చే మనిషికి రంగు తెలియకపోతే ఎవరేం చేస్తారు? అందరూ కట్టుకునేవాళ్లు.

ఓపీ గదిలో బల్ల మీద కేకు, పక్కన కొవ్వొత్తి. పెద్ద వార్డులో ఇంకో సిస్టర్ తేజస్విని ఒక్కతే ఉంది. పొద్దున బర్గూరు నుంచి వచ్చిన రాతిగని మేస్త్రీ పక్కన కూర్చుంది. బండ జారి ఛాతీ మీద పడిన మనిషి. బెంగళూరుకు తీసుకుపోతుంటే దారిలో ఊపిరి అందక ఇక్కడ దించారు. ఇప్పుడు కదిలించే పరిస్థితి లేదు. అతనితో వచ్చినవాళ్లు వరండాలో ఉన్నారు. అందుకని చప్పట్లు కూడా మెల్లగా కొట్టమన్నాడు ప్రసాదు.

చీర సంచి విప్పాడు.

"సిమెంటు రంగు," అంది వెంకటలక్ష్మమ్మ మొగం చేటంత చేసుకుని. "సిస్టరమ్మలూ, ఇంక గోడ పక్కన నిలబడొద్దండి. మీరు యాడ ఉండారో మాకు కనపడదు."

అందరికంటే గట్టిగా నవ్వింది ప్రసాదే. తరువాత గొంతు సవరించుకున్నాడు. ఉపన్యాసం ఆయనకు చేతకాదు, అయినా ఏడాదికొకసారి ఆ కష్టం పడతాడు.

"మన హేమా సిస్టర్ లేకపోతే ఈ ఆసుపత్రికి నోరు లేదు. అది అందరికీ తెలుసు. పోయిన నెల ఆమెకు జరగకూడనిది జరిగింది. నాకు నిద్ర పట్టలేదు. ఆలోచించాను. ఇన్నేళ్లు చేసింది చాలు, ఇక ఆమెకు ఆ కష్టం వద్దు. ఇక మీదట బయటివాళ్లకు చెప్పే పని ఆశ నేర్చుకుంటుంది. పిల్ల తెలివైంది, మూడు భాషలూ వచ్చు. హేమా సిస్టర్ దగ్గరుండి నేర్పుతుంది."

మెల్లగా చప్పట్లు కొట్టారు.

హేమావతి ఆశ వైపు చూసింది. పిల్ల బెదురుతుందనుకుంది. ఆశ మొగం వెలిగిపోతోంది. తలవంచుకుని, పెదవి మునిపంట నొక్కిపెట్టి, నవ్వు బయటపడకుండా దాచుకుంటోంది. ఆ నవ్వు హేమావతికి బాగా తెలుసు. ఏళ్ల క్రితం తన మొగం మీద అలాగే పుట్టింది. తాను దాచుకున్న ఆ నగను పిల్ల మెడలో వేస్తున్నారు. ఆ మెడకు పైన, జడ పక్కన, చిన్న ముత్యం కమ్మ పెట్టుకున్న ఎడమ చెవి ఉంది.

రేపు దెబ్బ పడేది ఆ చెవి మీదే. తన మీద దెబ్బ పడ్డప్పుడు కూడా ఆమెకు ఇంత కోపం రాలేదు.

"సారూ..." అని మొదలుపెట్టబోయింది. అంతలో తలుపు దగ్గర మనుషులు వచ్చి నిలబడ్డారు.

ముందున్నాయన తెల్ల పంచె, భుజాన తువ్వాలు. సూళగిరి పక్క పల్లెలో పెద్దమనిషి, పేరు గోపాలప్ప. చేతిలో ఇత్తడి తట్ట, అందులో అరటిపళ్లు, టెంకాయ, ఆకువక్క, తోటలోంచి అప్పుడే కోసిన రోజాలు. ఆయన వెనక, గుండు మీద ఇప్పుడిప్పుడే వెంట్రుకలు మొలుస్తున్న మనిషి. హేమావతికి ముందు ఆ చెయ్యి గుర్తొచ్చింది, తరువాత మొగం. కేశవులు.

"సారూ, తప్పైపోయింది," అన్నాడు గోపాలప్ప. "మావాడు మీ ఆసుపత్రిలో చెయ్యి చేసుకున్నాడు. తమ్ముని దినకర్మలు కానీ అని ఇన్నాళ్లు నిలబడినాము. మనసులో పెట్టుకోవద్దండి." తట్టను రెండు చేతులా ప్రసాదుకు అందించాడు.

"పోనివ్వండి పెద్దాయనా. బాధలో ఎవరైనా అంతే," అన్నాడు ప్రసాదు. తట్ట అందుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తోచక పక్కకు తిరిగాడు. "సిస్టర్, ఇది కాస్త లోపల పెట్టు."

తట్ట హేమావతి చేతుల్లోకి వచ్చింది.

గదిలో ఎవరికీ తప్పుగా కనిపించలేదు. ఆమెకూ ఒక నిమిషం కనిపించలేదు. ఆమె కాళ్లు అప్పటికే లోపలి గది వైపు తిరిగాయి. మంచి కాళ్లు అవి, చెప్పిన పని చేసే కాళ్లు. అప్పుడు వెంకటలక్ష్మమ్మ, కేకు కత్తి చేతిలో పెట్టుకుని, ఎవరినీ చూడకుండా అంది:

"ఇదేం చోద్యమప్పా! దెబ్బ తినింది ఒకరు, అరటిపండు తినేది ఒకరా?"

ఎవరూ నవ్వలేదు. గోపాలప్ప తువ్వాలు సర్దుకున్నాడు. ప్రసాదు చెవులు ఎర్రబడ్డాయి.

హేమావతి తట్టను కేకు పక్కన పెట్టి కేశవులు దగ్గరికి వెళ్లింది. అతను వెనక్కి తగ్గాడు. ఆమె కొంచెం పక్కకు జరిగి, కుడి చెవి అతని వైపు ఉండేలా నిలబడింది.

"కేశవులూ, నాకు ఒకటి చెప్పప్పా. ఆ దినం నేను నీకు చెప్పిన తీరులో తప్పుండాదా?"

ఈ ప్రశ్న ఆమెను అన్నాళ్లూ కొరుకుతూనే ఉంది. చెంప మంట తగ్గాక కూడా తగ్గనిది ఇదే. ఎక్కడ తప్పు మాట పడింది? నీళ్లు ముందిచ్చి ఉండాల్సిందా?

కేశవులు నేల చూపు వదల్లేదు. "లేదమ్మా. నువ్వు బాగనే చెప్పినావు. మా అమ్మ చెప్పినట్ల చెప్పినావు."

"మరి?"

అతను గోపాలప్పను చూశాడు. పెద్దాయన చూపుతోనే వద్దన్నాడు. కేశవులు వినలేదు.

"నిన్ను కొట్టల్లని లేదమ్మా నాకు. నువ్వు మాట్లాడతా ఉంటే, నీ వెనక కిటికీలో సారు కారెక్కతా కనపడినాడు. ఆయన చొక్కా మీద మా తమ్ముని నెత్తురు ఉండాది. మా తమ్ముని కడపట చూసినాయన నా మొగం ఒక్క తూరి చూడకుండా పోతా ఉండాడే అని, నాకు ఇంక ఒళ్లు తెలీలా. సారును కొట్టల్లనుకుంటిని. ఆడ నువ్వుండావు."

చిన్న గది అది. మాట ఎవరికీ వినపడకుండా పోయే వీలు లేదు.

ప్రసాదు బల్ల అంచు పట్టుకున్నాడు. హేమావతి ఆయన వైపు చూడలేదు. ఆ క్షణంలో ఆయన మొగం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇన్నేళ్లు ఆ మొగాన్ని ఎవరూ చూడకుండా కాపాడింది తనే. ఆయనకు జ్వరం వస్తే కంపౌండర్ కంటే ముందు తనకు తెలుస్తుంది. ఆయన మంచివాడన్న సంగతికి సాక్ష్యం అడిగితే హోసూరులో మొదట చెయ్యెత్తేది తనే. మంచివాడే. భయస్తుడు. ఆ భయానికి ముందు తలుపు తానైంది, వెనక తలుపు ఆయనకు వదిలింది. తానది ప్రేమనుకుంది, ఆయన నమ్మకమనుకున్నాడు.

"సారూ," అంది. గొంతు వార్డులో మాత్రలు పంచే గొంతులాగే వచ్చింది. "ఎడం చెవి నాకు పనిచేసేది లేదు. ఆ దినం నుంచి."

అన్నిటికంటే ముందు ఆయన డాక్టరు. సొరుగులోంచి చెవి చూసే లైటు తీశాడు. అందరి ముందే ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మెడ పక్కకు వంచి, చూశాడు. చాలాసేపు చూశాడు.

"పొరకు చిల్లు పడింది. పెద్దదే. చీము కూడా పడుతోంది. ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఊర్లో అందరికీ చెప్పేదాన్ని నేనే గదా సారూ. నాది ఎట్ల చెప్పల్లో తెలీలా."

ప్రసాదు లైటు ఆపాడు. సొరుగులో పెట్టడం మరిచి చేతిలోనే పట్టుకున్నాడు. "రేపే బెంగళూరు పోదాం. చెవి డాక్టరు నా స్నేహితుడు. పూడుకుంటుంది. పూడకపోతే ఆపరేషన్ ఉంది. ఖర్చంతా..."

"పోదాం సారూ. అది వేరే. ఇప్పుడు నేననేది వినండి." ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఆయన నిలబడి ఉండగా కూర్చుని మాట్లాడటం ఇదే మొదటిసారి. "ఆశను ఒక్కదాన్ని ఆ వరండాలోకి పంపించొద్దు. తేజస్వినిని పంపించొద్దు. నన్నూ పంపించొద్దు. చెప్పేటప్పుడు మీరు ముందుండల్ల. మేము పక్కన ఉంటాము. నేర్పల్ల అన్నారే, అది నేర్పిస్తాను, మీకు."

"అక్కా, నేను చెయ్యగలను," అంది ఆశ, చిన్నబోయిన గొంతుతో.

"చెయ్యగలవు బంగారూ. అందుకే భయం."

ప్రసాదు ఏదో అనబోయాడు. తలుపు దగ్గర తేజస్విని కనిపించింది. మేస్త్రీ ఉన్న వార్డు వైపు చెయ్యి చూపింది.

అందరూ ఒకేసారి కదిలారు. వార్డులోకి ప్రసాదు పరుగెత్తాడు, వెనకే ఆశ, హేమావతి. మేస్త్రీ ఛాతీ మీద ఆయన రెండు చేతులతో నొక్కాడు. ఆశ గాలి సంచి పిండింది. హేమావతి సూది వేసింది, మణికట్టు పట్టుకుంది, మెడ పట్టుకుంది. ఆయన నొక్కుతూనే ఉన్నాడు. చివరికి ఆమే ఆయన చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

ప్రసాదు తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఆయన కాళ్లు తిరిగాయి, ఎప్పుడూ తిరిగే వైపే. వెనక తలుపు దాకా వెళ్లి, జేబులోంచి కారు తాళం తీసి, "సిస్టర్..." అన్నాడు.

తరువాతి మాట రాలేదు. హేమావతి కదల్లేదు. ఆశ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

తాళం ఆయన వేలికి వేలాడుతోంది. ఆయన దాన్ని కొత్త వస్తువును చూసినట్టు చూశాడు. అప్పుడు తిరిగి వచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"వాళ్లు తమిళం వాళ్లు కదా? నాతో పొద్దున తమిళంలోనే మాట్లాడారు. నా తమిళం నీకు తెలుసుగా. ఎలా చెప్పను?"

"ఉండండి."

ఆమె వరండా తలుపును సందు తెరిచి, కుడి చెవి ఆనించింది. బెంచీ మీద, నేల మీద, మెట్ల మీద మనుషులు. దుమ్ము పట్టిన కాళ్లు. ఒక మూల ఒక ముసలామె మోకాళ్లు ముడుచుకుని, కళ్లు మూసుకుని ఊగుతోంది. మాటలు ఫ్యాను చప్పుడులో కలిసిపోతున్నాయి. రెండు చెవులుంటే తలుపుకు ఇంత ఆనుకునే అవసరం ఉండేది కాదు. హేమావతి ఊపిరి బిగబట్టింది.

"...స్వామీ, ఈ ఒక్క తూరి విడిచిపెట్టు స్వామీ, నా బిడ్డను ఈ ఒక్క తూరి..."

ఆమె వెనక్కి తిరిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"తెలుగే సారూ. మీ భాషే."

ప్రసాదు కళ్లు ఒకసారి మూసి తెరిచాడు.

"కూర్చోబెట్టండి. నీళ్లియ్యండి. నేల చూడొద్దు, ఆ అమ్మ మొగం చూడండి. మీరు కడదాకా చేసినారు గదా, అది చెప్పండి. మిగిలింది నేను చెప్తాను."

తలుపు పూర్తిగా తెరుచుకుంది. వరండాలో మనుషులు లేచి నిలబడ్డారు. ప్రసాదు ముందు నడిచాడు, మొదటిసారి ఆ గడప దాటుతున్నట్టు. ఆశ మంచినీళ్ల చెంబు పట్టుకుంది. ఓపీ గదిలోంచి ఎప్పుడు వచ్చాడో, కేశవులు మెట్ల పక్కన నిలబడి ఉన్నాడు. వెళ్లమని గోపాలప్ప భుజం లాగుతున్నా కదలడం లేదు.

ప్రసాదు ముసలామె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె వెనక నిలబడ్డ యువకుడు మేస్త్రీ కొడుకై ఉండాలి, అదే దవడ. అతను డాక్టరు చేతుల్ని చూశాడు, చొక్కాను చూశాడు.

ప్రసాదు నోరు తెరిచాడు. మొదటి మాట అన్నాడు.

ఆ మాట హేమావతికి వినపడలేదు. హడావుడిలో ఆయనకు కుడి పక్కన నిలబడింది. ఆయన గొంతు వచ్చేది ఎడమ చెవి వైపుకు. ఆ వైపు హోరు తప్ప ఏమీ లేదు. ఆయన ఏమన్నాడో, ఎలా అన్నాడో ఆమెకు తెలియలేదు. తెలిసిందల్లా ఎదుటి మొగాల్లోనే. ముసలామె ఊగడం ఆగిపోయింది. నీళ్ల చెంబు ఆశ చేతిలో ఒరిగిపోయింది.

మేస్త్రీ కొడుకు చెయ్యి లేచింది.

ఈసారి ప్రసాదు తల తిప్పుకోలేదు. మెట్ల దగ్గర నుంచి కేశవులు ఆ చెయ్యిని పట్టుకోవడానికి ఒక్క ఊపున ముందుకు దూకాడు. హేమావతి చేతిలోంచి కారు తాళం జారి నేల మీద పడింది. ఆ చప్పుడు మాత్రం ఆమెకు స్పష్టంగా వినిపించింది.